పండగ ఇంట్లో మనసు నిలిచే చోటు

నెలగంట పెట్టిన రోజు నుంచి హైదరాబాద్‌లో తెల్లవారుజామునే లేచి తిరుప్పావై చదువుకున్నాను. రోజుకో పాశురం. ముప్పయ్యోది భోగినాడు పొద్దున్న తాడేపల్లిగూడెంలో, మా పుట్టింట్లో పూర్తయింది. నెల పాటు కూడబెట్టుకున్న ప్రశాంతత మాత్రం ఆ మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

భోజనాలయ్యి అరిటాకులు తీస్తుంటే పిన్ని అంది: "పారాయణలు సరేనే. అక్క మంచాన పడ్డప్పుడు పక్కనుంటే ఇంకా పుణ్యం వచ్చేది."

పదిమందీ విన్నారు. నేను దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకుని నూటెనిమిది సార్లు జపం చేశాను. నోట్లో నామం తిరుగుతోంది, లోపల పిన్నికి చెప్పాల్సిన జవాబు తిరుగుతోంది. ఒక్కో పూసకీ ఆ జవాబు ఇంకాస్త పదునెక్కింది.

ఇల్లు ఒకవైపు, దేవుడు ఒకవైపు అనుకోవడంలోనే పొరపాటు ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను. భగవద్గీత పదిహేడో అధ్యాయం వాక్కుతో చేసే తపస్సు గురించి చెబుతుంది. ఎదుటివాళ్లని కలవరపెట్టకుండా, నిజంగా, ప్రియంగా, మేలు చేసేలా మాట్లాడటం, వేదం వల్లించడం: ఈ రెండిటినీ ఒకే శ్లోకంలో పెట్టింది. మనం పారాయణ ఉంచుకుని మిగతా సగాన్ని పండగ మూడు రోజులూ అటకెక్కిస్తాం.

ఇలా మధ్యలో అడ్డు కట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మా వైపు వాళ్లకి కొల్లేరు కన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదనంతా తనలో పట్టి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి వదలడం ఆ సరస్సు పని. చేపల చెరువుల కోసం మనుషులు దాని కడుపులోనే గట్లు కట్టారు. నీరు నిలిచే జాగా తగ్గి ఊళ్ల మీదికొచ్చింది. చివరికి 2006లో ప్రభుత్వమే ఆ గట్లు కొట్టించింది. దేవుడి గదిలో కూర్చుని నేను కట్టుకున్నవీ అలాంటి గట్లే.

మర్నాడు సంక్రాంతి. మా ఇళ్లలో అది పెద్దల పండగ, పోయినవాళ్ల ఫోటోల ముందు కొత్త బట్టలు పెడతాం. అమ్మ పోయిన ఏటిసూతకం వల్ల కిందటేడు పండగ లేదు. అమ్మకి చీర పెట్టడం ఇదే మొదటిసారి. కొన్న మడత కొన్నట్టే పీట మీద పెట్టబోతుంటే పిన్ని ఆపింది. చీర విప్పి, ఒక కొసకి పసుపు రాసి, రెండో కొస నా చేతికిచ్చింది. తర్వాత అంచు పైకి కనిపించేలా మెల్లగా మళ్లీ మడిచింది. "మీ అమ్మకి అంచు కనబడాలి. దండెం మీద ఆరేసినా అంతే" అంటూ, పసుపు వేలు గాల్లో అలాగే ఉంచి ఫోటో వైపు చూస్తూ ఉండిపోయింది.

నిన్నటి మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు కనిపించింది. "ఆఖర్లో ఉండలేకపోయాను పిన్నీ" అన్నాను. జపంలో తయారు చేసుకున్న జవాబులో ఈ మాట లేదు.

"గారెల పిండి పులిసిపోతోంది, చూడు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

పండక్కి ఇంటికి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. పెద్ద నియమాలు మోసుకెళ్లకండి. ఇల్లు లేవకముందు పావుగంట చాలు, ఆ తర్వాత కళ్లాపి చల్లేవాళ్లతో చేరి ముగ్గు చుక్కలు పెట్టండి. మీ ఉపవాసం వంటింటికి ఇంకో పని కాకూడదు. కనుమనాడు మీ విస్తట్లో మినపగారె, పక్క విస్తట్లో కోడికూర ఉంటే ఉండనివ్వండి. మాట తగిలినప్పుడు ముందు చేతికి పని చెప్పండి, కొబ్బరి కోరండి, గ్లాసులు కడగండి. జవాబు ఆ తర్వాత చూసుకోవచ్చు. అవమానాల్ని మింగమని కాదు. చెప్పాల్సిన నిజం ఉంటే విడిగా కూర్చోబెట్టుకుని చెప్పండి, పదిమందిలో వద్దు.

కనుమనాడు కాకైనా కదలదంటారు, నేనూ కదల్లేదు. ముక్కనుమ రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి పిన్ని స్టేషన్‌కి వచ్చింది. అరిసెల డబ్బా నా ఒళ్లో పెట్టి, కిటికీ ఊచలు పట్టుకుని అడిగింది.

"పొద్దున్న ఎన్నింటికి లేస్తావే పారాయణకి?"

"నాలుగున్నరకి."

"ఈసారి నెలగంట పెట్టగానే నాకు ఫోన్ చెయ్యి. నేనూ వింటాను."