ముప్పై అయిదో వంతు వంతెన

(బి.ఎస్సి., ద్వితీయ సంవత్సరం)

మా ఊరు కొండగట్టు కింద ఉన్నది. పూర్వం కరీంనగర్ జిల్లా, 2016 నుండి జగిత్యాల జిల్లా. పొద్దున లేచి తలుపు తీస్తే ముందు కనపడేది అంజన్న గుట్టనే. కాబట్టి సైన్యం కోసం కట్టిన వంతెన అనగానే మా దిక్కు ఎవరికైనా రామసేతువే గుర్తుకొస్తది. వాల్మీకి రామాయణంలో దానికి రోజువారీ లెక్క కూడా ఉన్నది. నలుని చేతి కింద వానరులు మొదటి రోజు 14 యోజనాలు, రెండవ రోజు 20, ఆ పైన వరుసగా 21, 22, 23, వెరసి అయిదు రోజుల్లో నూరు యోజనాలు కట్టినారు. పని చేతికి అలవాటైనకొద్దీ ఎట్లా సాగుతుందో ఆ అంకెలే చెప్తున్నాయి. నా వంతెన పనిలో కూడా అట్లాగే జరిగింది. అయితే నాకు పట్టింది అయిదు రోజులు కాదు, నాలుగు నెలలు.

పోయిన ఫిబ్రవరిలో మా కళాశాల వైజ్ఞానిక ప్రదర్శనలో పెట్టిన బెయిలీ వంతెన నమూనాను చూసిన మిత్రులు చాలామంది "ఎట్లా చేసినవు? ఎక్కడ కొన్నవు?" అని అడిగినారు. కొన్నది ఏమీ లేదు. అడిగిన వారందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్ జిల్లాలో కొండచరియలు విరిగిపడి చూరల్‌మల, ముండక్కై ఊళ్ళు కొట్టుకుపోయినాయి. మధ్యలోని వంతెన కూడా పోయింది. బెంగుళూరు కేంద్రంగా గల మద్రాస్ ఇంజనీర్ గ్రూపు జవాన్లు 190 అడుగుల బెయిలీ వంతెనను జులై 31న మొదలుపెట్టి ఆగస్టు 1 సాయంత్రానికి పూర్తి చేసినారు. 24 టన్నుల బరువు దానిమీద పోవచ్చు. ఆ పనిలో ముందున్న అధికారి మేజర్ సీతా షెల్కే ఆ ఇనుప దూలాల మీద నిలబడ్డ ఫొటో అందరూ చూసే ఉంటారు. ఈ దళాన్ని మద్రాస్ సాపర్స్ అంటారు. 1780లో పుట్టింది. తమిళులు, మలయాళీలు, కన్నడిగులతో పాటు మన తెలుగువాళ్ళు కూడా తరతరాలుగా అందులో ఉన్నారు. మా పెద్దబాపు కొడుకు అందులోనే హవల్దారుగా చేసి పింఛను మీద వచ్చినాడు.

నన్ను ఈ పనికి పురికొల్పిన కారణం మరొకటి కూడా ఉన్నది. మా పొలానికి, ఊరికి మధ్య ఒక వాగు. వానకాలం పంట కోసినంక ట్రాక్టరు దిగలేక, ఒక యేడు వడ్ల బస్తాలు నెత్తిమీద మోసినాము. మోయగా మిగిలినవి కల్లంలోనే మొలకలెత్తినాయి. టీవీలో వయనాడ్ వంతెన చూస్తూ మా బాపు అడిగిన మాట ఒక్కటే: "అది మోస్తదా?"

బెయిలీ వంతెన సంగతి కొంచెం చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940–41లో, డొనాల్డ్ బెయిలీ అనే ఆంగ్లేయ ఇంజనీరు దీన్ని రూపొందించినాడు. దీని ప్రాణమంతా 'ప్యానెల్' అనే ఒక్క ముక్కలో ఉన్నది. పొడవు 10 అడుగులు, ఎత్తు 5 అడుగుల పైచిలుకు, బరువు 570 పౌన్లు, అంటే దాదాపు 260 కిలోలు. ఆరుగురు మోస్తారు, క్రేను అక్కరలేదు. ఏ ప్యానెల్ అయినా ఏ చోటైనా పడుతుంది. ఒకదాని కొసను ఇంకొకదాని కొసలో దూర్చి ఉక్కు పిన్ను కొడితే జోడు అయిపోతుంది. బరువు ఎక్కువ పోవాలంటే పక్కపక్కన రెండు వరుసలు, మూడు వరుసలు, లేకుంటే ఒకదానిపై ఒక అంతస్తు పెడతారు. 1944 డిసెంబరులో బర్మాలోని చింద్విన్ నది మీద కలేవా దగ్గర ఇవే ప్యానెళ్ళను తేలే పడవల మీద నిలిపి 1,154 అడుగుల వంతెన కట్టినారు.

నేను ఎంచుకొన్న కొలత 1:35, సైనిక దృశ్యాల నమూనాలకు ప్రపంచమంతటా వాడే కొలత. ఆ లెక్కన 190 అడుగులు చేస్తే మీటరున్నర దాటుతుంది, మా ఇంట్లో పెట్టే జాగా లేదు. కావున 80 అడుగులతో సరిపెట్టుకొన్నాను, అంటే ఎనిమిది ప్యానెళ్ళ పొడవు. ఇటు రెండు వరుసలు, అటు రెండు వరుసలు, మొత్తం 32 ప్యానెళ్ళు. ఒక్కొక్కటి 87 మిల్లీమీటర్ల పొడవు, 44 ఎత్తు, అయిదుకు లోపు మందం.

చిన్నప్పుడు జొన్న బెండుతో ఎడ్లబండ్లు చేసిన చేతులు గనుక మొదట దానితోనే మొదలుపెట్టినాను. బెండు కోయడానికి సుఖం, కానీ అంచు నిలవదు. తర్వాత పాత పెళ్ళి పత్రికల అట్టకు మారినాను. మా ఇంట్లో వాటికి కరువు లేదు. పైదూలం, కిందిదూలం అట్ట మడిచి చేసినాను. మధ్యలో రెండు డైమండ్ ఆకారాలు వచ్చేటట్టు ఎనిమిది ఏటవాలు ముక్కలు మేదరి వారి దగ్గర తెచ్చిన వెదురు బద్దలవి. నడిచే బాటకు పలకలు పొనికి చెక్కవి. నిర్మల్ బొమ్మలు చేసే కట్టె అదే. బ్లేడుతో కోస్తే వెన్నలాగా తెగుతుంది. అసలు పలక మందం రెండంగుళాలు, నా పలక ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇక పిన్ను. అసలుది రెండంగుళాలకు కొంచెం తక్కువ లావు, నా కొలతలో 1.4 మిల్లీమీటర్లు పడాలి. గుండుసూది సన్నం, సైకిల్ పుల్ల లావు. చివరకు కొండ మీద భక్తులు వెలిగించిన అగరుబత్తుల పుల్లలు సరిగ్గా సరిపోయినాయి.

మొదటి పది ప్యానెళ్ళు దేనికది కొలిచి, గీసి, కోసి చేసినాను. విడిగా చూస్తే అన్నీ ముద్దుగానే ఉన్నవి. ఎనిమిదింటిని వరుసగా కూర్చితే వంతెన విల్లులాగా వంగింది. ఒక్కొక్క దాంట్లో అర మిల్లీమీటరు తేడా. కంటికి ఆనదు. ఎనిమిది అర్ధలు కలిస్తే నాలుగు మిల్లీమీటర్లు, అంటే అసలు వంతెనలో 14 సెంటీమీటర్లు. అంత తేడాకు ఏ పిన్నూ దూరదు. బాపు చూసి, "మొదటి సాలు వంకర పోతే చెల్కంత వంకరనే" అన్నాడు. దానితో అవన్నీ పక్కన పెట్టి, ఒక పలక మీద గీతలు గీసి, మేకులు కొట్టి, ఒక 'అచ్చు' తయారు చేసుకొన్నాను. ముక్కలన్నీ ఆ మేకుల మధ్యనే పేర్చి అతికించాలి, చేతితో సర్దే అవకాశమే ఉండదు. అచ్చు చేయడానికి వారం పట్టింది. ఆ తర్వాత రోజుకు ఒకటి, రెండు, పరీక్షలు అయినంక నాలుగు చొప్పున ప్యానెళ్ళు లేచినాయి. ఈ పని చేయదలచిన తమ్ముళ్ళు ముందు అచ్చు చేసి తర్వాతనే కత్తెర పట్టవలెను.

ఖర్చు తగ్గుతుందని అంటించడానికి మొదట మైదా లై వాడినాను. అదీ ఒక తప్పే. ఒక మధ్యాహ్నం పదకొండు ప్యానెళ్ళు అరుగు మీద ఎండబెట్టి అన్నం తిని వచ్చేవరకు కొండ మీది కోతులు దిగి సగం నాకినాయి, సగం ఎత్తుకపోయినాయి. సేతువు కట్టిన వంశమే నా సేతువును కూల్చిందని మా అవ్వ ఇప్పటికీ నవ్వుతది. ఆ రోజు నుండి ఫెవికాల్.

అసలు దృశ్యం ఏమిటంటే, వంతెన పూర్తయినట్టు చూపలేదు. నదిపైకి నెట్టుతున్న క్షణం చూపినాను. బెయిలీ వంతెనను నీళ్ళలో నిలబడి కట్టరు. ఈ ఒడ్డునే రోలర్ల మీద కట్టి అవతలికి నెట్టుతారు. ముందు భాగాన పలకలు లేని తేలిక అస్థిపంజరం ఒకటి తగిలిస్తారు, దాన్ని 'ముక్కు' అంటారు. ముక్కు అవతలి ఒడ్డు రోలరును తాకేదాకా మొత్తం బరువు కేంద్రం ఇవతలి రోలరుకు వెనుకనే ఉండాలి. లేకపోతే బోల్తా. క్లాసులో చదివిన మొమెంట్ల సూత్రమే. తూము వెడల్పు నా కొలతలో 65 సెంటీమీటర్లు, అసలులో 75 అడుగులు. ముక్కుకు నాలుగు ప్యానెళ్ళ పొడవు చాలుననుకొని బాల్‌పెన్ రీఫిళ్ళ రోలర్ల మీద నెట్టినాను. అవతలి ఒడ్డుకు ఇంకా జానెడుండగానే నా వంతెన ముక్కు కిందికి, తోక మీదికి లేచి వాగులో పడింది. కాగితం తీసి లెక్క వేస్తే అయిదు కూడా చాలదు, ఆరు కావాలని తేలింది. ఆరు పెట్టినాను, దాటింది. ముక్కుకు ఒకే వరుస గనుక ఇంకో 12 ప్యానెళ్ళు. వెరసి 44 ప్యానెళ్ళు, 352 ఏటవాలు పుల్లలు.

వెనుక జాగా లేని చోట ఏం చేస్తారు? 1943 డిసెంబరులో ఇటలీలోని మోరో నది దగ్గర ఇదే చిక్కు వచ్చింది. మన వైపు బాట నది ఒడ్డునే గిరుక్కున తిరగడంతో వంతెన పేర్చడానికి చోటు లేదు. మన 8వ భారత డివిజన్ సాపర్లు శత్రువు ఉన్న ఒడ్డుకు సామాను చేరవేసి, అవతలి నుండి ఇవతలికి వంతెన నెట్టినారు. దానికి 'ఇంపాజిబుల్ బ్రిడ్జి' అని పేరు నిలిచిపోయింది.

మనుషుల బొమ్మలు రాగి తీగ మీద ఎం-సీల్‌తో, ఒక్కొక్కటి 48 మిల్లీమీటర్లు. నేల మా చెల్క ఎర్రమట్టి, చాయ జల్లెడ పట్టింది. వరద నీరు గోధుమరంగు కలిపిన వార్నిష్, పొర మీద పొర. వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఓపిక ఉంటే చాలు.

ప్రదర్శనకు రెండు రోజులుందనగా అన్న చూడవచ్చినాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలు పెట్టి, "తమ్మీ, ఈ రెండు ప్యానెళ్ళకు మగ కొసలే ఎదురెదురున్నయ్. పిన్ను ఏడ కొడ్తవు?" అన్నాడు. నిజమే. ప్రతి ప్యానెల్‌కు ఒక కొస దూరేది, ఇంకో కొస దూర్పించుకొనేది. లోపలి వరుసలో ఒకటి నేను తిరగేసి పెట్టి, జిగురు నింపి, మీద ఆకుపచ్చ రంగు వేసినాను. నాకు తెలిసే చేసినాను, అప్పటికి రాత్రి రెండు గంటలు.

"లోపటిది ఎవలకు గనపడ్తదన్నా" అన్నాను.

"నాకు గనపడ్డది గదా" అన్నాడు. మాకు శిక్షణలో చీకట్లో చేత్తో తడిమి పిన్ను కొట్టిపిచ్చేటోళ్ళు అని చెప్పి, చాయ తాగి పోయినాడు.

ఆ రాత్రి ఆ వరుస మొత్తం విప్పినాను. విప్పితే ఇంకో మూడు చోట్ల పిన్నులే లేవు.

ప్రదర్శన నాడు బాపు వచ్చినాడు. మళ్ళీ అదే ప్రశ్న. నేను గొప్పగా వంతెన నడుమ అయిదు కిలోల బియ్యం సంచి పెట్టి చూపించినాను. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొట్టినారు. నిజానికి అది ఏమీ రుజువు చేయదు, ఆ సంగతి ఇక్కడైనా చెప్పాలి. కొలత 35 రెట్లు తగ్గితే బరువు 35 ఘనం, అంటే 42,875 రెట్లు తగ్గుతుంది. బలం మాత్రం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి 1,225 రెట్లే తగ్గుతుంది. కావున ప్రతి చిన్న నమూనా తన ఒళ్ళు బరువుకు అసలుదానికన్నా 35 రెట్లు గట్టిగా ఉంటుంది. 24 టన్నుల లారీ నా కొలతలో 560 గ్రాములు. 24 టన్నుల బలపరీక్షకు సమానం కావాలంటే దాదాపు 20 కిలోలు పెట్టాలి, అదీ నేను ఉక్కుతో చేసి ఉంటే. అట్ట వంతెన మోసిందని ఇనుప వంతెన గురించి ఏమీ చెప్పలేము. నమూనా చూపగలిగేది, ఏ ముక్క ఏ ముక్కలో దూరుతుంది, ఏది ముందు ఏది వెనుక అన్నదే.

ఇది ఇంట్లో బాపుకు వివరంగా చెప్పినాను. సగం విన్నాడు. నమూనా ఇప్పుడు మా ఫిజిక్స్ ల్యాబు అద్దాల బీరువాలో ఉన్నది. అచ్చు, కొలతల కాగితాలు నా దగ్గర ఉన్నాయి, కావలసిన వారు అడిగి తీసుకోవచ్చు.

మరునాడు పొద్దున బాపు మోకు తీసుకొని వాగుకు నడిచినాడు. ఒక కొస నన్ను పట్టుకొమ్మన్నాడు. అరవై రెండు అడుగులు వచ్చింది.

"ఎన్ని పడ్తయి రా?"

"ఏడు పెట్టాలె బాపూ. నాలుగు వరుసలు, ఇరవై ఎనిమిది ప్యానెళ్ళు. ఏడు టన్నుల పైన ఇనుము. దూలాలు, పలకలు వేరే."

వాగు దిక్కు కొంతసేపు చూసినాడు. "గంత ఇనుము మనకెవలిస్తరు బిడ్డా" అని మోకు చుట్టుకున్నాడు. కానీ ఏడు అన్న అంకె మాత్రం గడపపక్క గోడ మీద బొగ్గుతో రాసిపెట్టినాడు.