పైరుపై మందు చల్లు విమానములు – తీగల వలని ప్రమాదము

పైరునకు చీడ పట్టినపుడు ఆకాశమునుండి మందు చల్లు పద్ధతి నేటిది కాదు. 1921వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ట్రాయ్ పట్టణ సమీపమున, జాన్ మెక్రెడీ యను సైనిక వైమానికుడు కటాల్పా చెట్లతోపుపై సీసపు ఆర్సెనేటు పొడిని చల్లి పురుగులను చంపెను. తరువాత అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో అది పెద్దవృత్తి యయ్యెను. ఇప్పుడు మన పొలములపైనను డ్రోనులు మందు చల్లుచున్నవి. కావున ఈ పనికి ప్రధానశత్రువైన తీగను గూర్చి మన సంఘసభ్యులు తెలిసికొనుట అవసరమని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

తీగ ఏల కానరాదు?

మందు గాలికి కొట్టుకొనిపోక పైరుపైననే పడవలెనన్నచో విమానము పైరునకు సుమారు పది పన్నెండడుగుల యెత్తుననే పోవలయును. గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవు విమానము సెకనునకు 55 మీటర్లు దాటును. తీగయో మిక్కిలి సన్నము. కొత్తలో మెరసినను, ఎండకు వానకు మాసి నేలరంగులో కలిసిపోవును. సూర్యుడెదురుగా నున్నచో కన్ను దానిని పట్టజాలదు. ఒంటితీగ యెంత దూరమున నున్నదో చూపునకు తేలదు. వేడికి తీగ సాగి మరికొంత క్రిందికి వ్రేలును.

తెలిసిన తీగయే తగులును

తీగ యున్నదని తెలియకపోవుటచేతనే ప్రమాదము కలుగునని పలువురు తలంతురు. అది సగము నిజమే. ఆస్ట్రేలియా రవాణా భద్రతాశాఖవారు వ్యవసాయ విమానముల ప్రమాదములను పరిశీలింపగా, నూటికి 63 సందర్భములలో వైమానికునకు ఆ తీగ సంగతి ముందుగనే తెలియునని తేలినది. మందు, గాలి, చాలు, మలుపు – వీనిపై మనసు నిలిపినపుడు తీగ మరపునకు వచ్చును. పని ముగియవచ్చి, మిగిలిన మూలలను సరిచేయునపుడు ఈ మరపు మరింత యపాయకరము.

అందుచే అనుభవశాలియగు వైమానికుడు తీగను వెదకడు, స్తంభమును వెదకును. స్తంభపు అడ్డకమ్మియు పింగాణీ గిన్నెలును తీగ పోవు దిక్కును తెలుపును. ఒంటరి యిల్లుగాని మోటారుకొట్టముగాని కనబడినచో దానికొక తీగ వచ్చియుండునని యెంచును. తీగను దాటవలసినచో స్తంభముమీదుగా దాటును.

క్రొత్తగా నిలిపిన కట్టడము మరియొక గండము. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో గాలివేగమును కొలుచుటకు నిలిపిన సన్నని గోపురమును తగిలి మందు విమానమొకటి కూలెను, వైమానికుడు మరణించెను.

రైతులు చేయవలసినవి

1. మందు చల్లించుటకు ముందు పొలపు పటము గీసి స్తంభములను, తీగలను, స్టే వైర్లను, బోరు మోటార్లను గుర్తింపవలయును.

2. గతసారి తరువాత వేసిన క్రొత్త తీగను గూర్చి డ్రోను నడపువానికి ముందే నోట చెప్పవలయును. పటముతోపాటు పొలము చుట్టును త్రిప్పి చూపుట మేలు.

3. తీగల క్రింది చాళ్లను, వాని ప్రక్క చాళ్లను డ్రోనునకు విడువక చేతిపంపుతో చల్లుకొనవలయును. ఆ కొద్దిపాటి శ్రమకు వెనుదీయరాదు.

4. డ్రోను తీగపై చిక్కినచో కర్రతోగాని త్రాటితోగాని లాగరాదు. దానిలో మనిషి లేడు కావున ప్రాణభయము లేదనుకొనుట పొరపాటు. లాగబోయిన వానికే ప్రాణాపాయము. విద్యుచ్ఛాఖవారికి తెలిపి, వారు సరఫరా నిలిపితిమని చెప్పువరకు దూరముగా నుండవలయును.

5. తీగ తెగిపడినచో ఎవ్వరిని దగ్గరకు రానీయరాదు. తడినేలలో విద్యుత్తు ప్రాకును.

యంత్రము పోయినచో మరల కొనవచ్చును. ఒక పంట పోయినచో మరియొక పంట పండింపవచ్చును. మనిషి పోయినచో తిరిగి రాడు. డ్రోనును అద్దెకిచ్చు ప్రతి సంఘమును పొలపు పటము లేనిదే యంత్రమును లేపరాదని నియమము చేసికొనవలెనని మా మనవి.