నీటిలోని ఉప్పును కొలిచే చేతి మీటరు: సరిచూసి వాడే విధానం



ధాన్యం తూచే కాటాపై తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఉన్నదో లేదో చూచిన తరువాతనే మీరు బస్తాను ఎక్కిస్తారు. తూకంలో తేడా వస్తే నష్టపోయేది ఎవరో మీకు తెలుసు. బావి నీటిలోని ఉప్పును కొలిచే చేతి మీటరు కూడా కాటా వంటిదే. అయితే దానిని సరిచూసి ముద్ర వేయడానికి మీ పొలానికి ఎవరూ రారు. ఆ పని వాడేవారే చేసుకోవాలి. బోరుకు, మోటారుకు, బిందు సేద్యానికి అప్పు తీసుకొనే ముందు ఈ చిన్న పాఠాన్ని నేర్చుకొనడం ఎంతైనా అవసరం.

మీటరు కొలిచేది ఏమిటి?

స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు దాదాపు ప్రవహించదు. నీటిలో లవణాలు కరిగిన కొద్దీ ప్రవాహం పెరుగుతుంది. మీటరు అడుగున ఉండే రెండు లోహపు కొనల మధ్య స్వల్ప విద్యుత్తును పంపి, ఈ వాహకతను అంకె రూపంలో చూపుతారు. దీనినే వాడుకలో ఇ.సి. అంటారు. మీటరుకు 1 డెసిసీమెన్ అన్నా, సెంటీమీటరుకు 1,000 మైక్రోసీమెన్లు అన్నా ఒకటే. పాత ప్రయోగశాల నివేదికలలో కనిపించే 1 మిల్లీమో కూడా దీనికి సమానమే.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం సాగునీటి ఇ.సి. 0.7 లోపు ఉంటే ఉప్పు వలన ఇబ్బంది లేదు. 0.7 నుండి 3.0 వరకు జాగ్రత్త అవసరం. 3.0 దాటితే ఇబ్బంది తీవ్రం. పైరును బట్టి ఓర్పు మారుతుంది. దిగుబడి తగ్గకుండా మిరప 1.0 వరకు, మొక్కజొన్న 1.1 వరకు, టమాట 1.7 వరకు, వరి 2.0 వరకు, వేరుశనగ 2.1 వరకు, పత్తి 5.1 వరకు తట్టుకొంటాయి.

క్రమాంకనం చేయు పద్ధతి

మీటరును తెలిసిన విలువ గల ద్రావణంలో ముంచి, చూపే అంకెను ఆ విలువకు సరిచేయడాన్ని క్రమాంకనం అంటారు. ఇందుకు 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 1413 మైక్రోసీమెన్లు చూపే పొటాషియం క్లోరైడు ప్రామాణిక ద్రావణం సీసాలలో లభిస్తుంది.

1. లోహపు కొనలను డిస్టిల్డ్ వాటరుతో కడిగి, నీటిని విదిలించండి. గుడ్డతో గట్టిగా రుద్దరాదు. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరు ఇందుకు సరిపోతుంది. పొరపాటున బ్యాటరీ యాసిడ్ వాడకండి.

2. శుభ్రమైన చిన్న గ్లాసును కొద్ది ప్రామాణిక ద్రావణంతో తొలిచి పారబోసి, తిరిగి తాజా ద్రావణం పోయండి.

3. మీటరును గుర్తు వరకు ముంచి, మెల్లగా తట్టి గాలి బుడగలను పోగొట్టండి. అంకె నిలకడగా నిలిచే వరకు వేచి ఉండండి.

4. అంకె 1413 కాకపోతే, మీటరుపై ఉన్న మరను గాని, మీటను గాని ఉపయోగించి సరిచేయండి.

5. వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయకండి. ఒక్క చుక్క బావి నీరు కలిసినా ఆ సీసా ప్రామాణికం కాదు.

నీటి వేడి ఒక డిగ్రీ పెరిగితే వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. వేడిని తనంతట తానే సవరించుకొనే ఏర్పాటు మీ మీటరులో లేకపోతే, అదే ద్రావణం 30 డిగ్రీల వద్ద సుమారు 1550 చూపాలి. సీసాపై అచ్చువేసిన పట్టికను చూచి, ఆ పూట వేడికి తగిన అంకెకు సరిచేయండి.

సరిచూడకపోతే ఏమవుతుంది?

ఒక ఉదాహరణ చూడండి. మిరప సాగుకు అప్పు తీసుకోదలచిన రైతు మీటరు బోరు నీటిలో 1.54 చూపినదనుకొందాం. మిరపకు ఇ.సి. 1.5 వద్ద దిగుబడి సుమారు పదవ వంతు తగ్గుతుంది. ఆ నష్టాన్ని భరించవచ్చునని ఆయన లెక్క వేసుకొన్నారు. తరువాత అదే మీటరును ప్రామాణిక ద్రావణంలో ముంచితే 1413కు బదులు 989 చూపింది. అనగా అది ప్రతి రూపాయినీ 70 పైసలుగా చూపుతున్నది. 1.54ను 0.70తో భాగిస్తే అసలు ఇ.సి. 2.2. ఆ నీటితో దిగుబడి సుమారు నాలుగవ వంతు తగ్గుతుంది. పంట తగ్గినా వాయిదా మొత్తం తగ్గదు. సరిచూడడానికి పట్టే పది నిమిషాలు దీనితో పోల్చితే ఎంత?

నమూనా సేకరణ

మోటారు వేయగానే వచ్చే నీరు గొట్టంలో నిలువ ఉన్న నీరు. కనీసం అరగంట నడిచిన తరువాత, అదే నీటితో మూడుసార్లు తొలిచిన సీసాలో నమూనా పట్టండి. వర్షాల తరువాత ఒకసారి, నడి వేసవిలో ఒకసారి తప్పక కొలవండి. వేసవి అంకెనే ప్రమాణంగా తీసుకొని పైరును ఎంచుకోండి.

బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుక నేలలలో దొరువుల క్రింద సేద్యం చేసే రైతులకు ఈ మీటరు మరింత ఉపయోగకరం. అక్కడ వాన వలన చేరిన మంచినీరు తేలిక గనుక ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. పెద్ద మోటారుతో ఎడతెగక తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. మోటారు వేసినప్పుడు ఒకసారి, తరువాత గంటకొకసారి కొలవండి. అంకె పెరుగుతూ ఉంటే మోటారు ఆపి దొరువుకు విశ్రాంతినివ్వండి.

మీటరు చెప్పనివి

మీటరు మొత్తం లవణాలను మాత్రమే చూపుతుంది. అది ఏ లవణమో చెప్పదు. భూమిని చౌడుబార్చే సోడియం, నల్గొండ జిల్లాను పీడించిన ఫ్లోరైడు వంటివి దీనికి తెలియవు. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన నీరు త్రాగుటకు యోగ్యమని భావించరాదు. పెద్ద పెట్టుబడికి ముందు నీటి నమూనాను ప్రయోగశాలకు పంపి తీరాలి.

డీలర్లకు మనవి

మీటరుతో పాటు గడువు తీరని ప్రామాణిక ద్రావణాన్ని కూడా అమ్మండి. రైతు ఎదుటనే ఒకసారి సరిచూసి చూపించండి. టి.డి.ఎస్. మీటరు కూడా వాహకతనే కొలిచి, ఒక గుణకంతో హెచ్చించి చూపుతుంది. ఆ గుణకం కొన్నిటిలో 0.5, కొన్నిటిలో 0.7. అందువలన ఒకే నీటికి రెండు మీటర్లు రెండు అంకెలు చూపవచ్చు. ఈ సంగతి ముందే చెప్పితే తగవు రాదు.

సంరక్షణ

వాడిన ప్రతిసారీ కొనలను డిస్టిల్డ్ వాటరుతో కడిగి, మూత పెట్టి నీడలో ఉంచండి. తెల్లని సున్నపు పొర పట్టితే కొద్దిసేపు వెనిగర్‌లో ఉంచి కడగండి. అంకె నిలకడగా నిలవకపోతే బ్యాటరీలు మార్చండి. బ్యాటరీలు మార్చినప్పుడు, మీటరు క్రింద పడినప్పుడు, సీజను ఆరంభంలో తిరిగి సరిచూడండి.

చివరగా, ఒక చిన్న పుస్తకంలో తేదీ, బావి, మీటరు చూపిన అంకె, సరిచూచిన రోజు వ్రాసి ఉంచండి. అప్పు దరఖాస్తుతో బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఆ పుస్తకాన్ని వెంట తీసుకొని వెళ్ళండి. మీ బావిని గురించి మీరు చెప్పే మాటకు అది బలాన్నిస్తుంది.