వాద్యము పుట్టు చోట

లంకాసాగర్ నీటితో పండు పొలములను, నీలాద్రీశ్వరుని ఆలయమును చూచుచు పెరిగిన పెనుబల్లి ప్రాంతపు విద్యార్థి, ఇంటర్మీడియెట్ ముగియగానే ఖమ్మమునకో హైదరాబాదునకో పోయి ఏదో యొక కోచింగు కేంద్రమున చేరుటయే జీవనమార్గమని తలంచుట సహజమే. ఐనను, తన యూరి జాతరలో తెల్లవారులు మ్రోగిన డప్పును చేసినవారెవరు, దాని కఱ్ఱ యేది, ఆ తోలు అట్లు పలుకుటకు కారణమేమి యని ఒక్కమారైనను అడిగినచో, తన యింటికి నాలుగు వీధుల దూరముననే ఒక గొప్ప విద్య యున్నదనియు, దానిని నేర్చి వీడియోల ద్వారమున లోకమునకు నేర్పుట కూడ ఒక వృత్తి కాగలదనియు ఆతనికి తోచును. ఆ వృత్తిని గూర్చియే నేనిక్కడ ముచ్చటింపదలచితిని.

2022లో పద్మశ్రీ పురస్కారము పొందిన తెలంగాణ కళాకారులలో ఇద్దఱు అడవి అంచు పల్లెలకు చెందినవారు. ఒకరు పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్య. మఱియొకరు మణుగూరు సమీపమున కూనవరమునకు చెందిన కోయ డోలి కళాకారుడు, సమ్మక్క సారలమ్మల వీరగాథలను తరతరముల నోటివిద్యగా నిలిపిన సకిని రామచంద్రయ్య. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతముతో మొగిలయ్య గారి కంఠమును లక్షలమంది చరవాణి తెరపై వినిరి. ఆ పాట వినినవారిలో సొరబుఱ్ఱలకు వెదురు బొంగును జతచేసి, మైనముతో మెట్లు నిలిపి కిన్నెరను కట్టగలవారెందఱు? రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో కన్నుమూసిరి. వాదనము వీడియోకెక్కినంత వేగముగ నిర్మాణము ఎక్కలేదు. ఆ లోటే నేటి యువతకు అవకాశము.

గ్రంథమున చెప్పుటకు వీలుకాని జ్ఞానము చేతులలో ఎట్లుండునో డప్పు తయారీని చూచిన తెలియును. తోలును సున్నపు నీటిలో నానవేసి, వెండ్రుకలు గీచి, చింతగింజల జిగురు పూసి, గుండ్రని కఱ్ఱచట్రముపై పఱచి, తోలుపట్టీలతో వెనుకకు లాగి బిగించునపుడు, ఎంత లాగవలెనో ఏ కొలబద్దయు చెప్పదు. లాగువాని బొటనవ్రేలు చెప్పును. తడితోలు ఎండినకొలది ముడుచుకొని మఱింత బిగియును గనుక, ముందే మితిమీఱి లాగినచో చిరుగును, వదులుగా విడిచినచో మూగవోవును. వానకాలమున గాలిలోని తేమను పీల్చి తోలు సడలును. అందుకే వాయించుటకు ముందు మంట కాచుదురు. ఈ క్రియనంతయు పది నిమిషముల పాటు ఒక్క సంగీతపు తునకయు పైన చేర్చక, పెద్దవాని చేతులకు దగ్గఱగా కెమెరా నిలిపి చూపిన యువకుడు, ఒక పాఠ్యగ్రంథమునకు సాటివచ్చు పని చేసినట్లే.

ఇక్కడ మన పిల్లలలో పలువురు పొరపడు చోటొకటి కలదు. పని చక్కగా కుదిరిన భాగములనే కూర్చి, చెడిన వానిని కత్తిరించి పాఱవేయుదురు. నేర్చుకొనువానికి కావలసినది ఆ చెడిన భాగమే. వేణువు సంగతి చూడుడు: వ్రేలి రంధ్రమును మొదట చిన్నదిగా కాల్చి, స్వరము చూచుకొనుచు కొంచెము కొంచెముగా పెంచవలెను, ఏలయన రంధ్రము పెరిగినకొలది స్వరము పైకి పోవును, ఒకసారి మీఱినచో మైనముతో పూడ్చుట తప్ప దారి లేదు. ఆ మీఱిన క్షణమున గురువు ముఖము ఎట్లుండెనో, చెవి యొగ్గి ఏమనెనో, ఎట్లు సవరించెనో వీడియోలో ఉన్నచో, దూరమున నున్న శిష్యుడు పది వెదురులు పాడుచేసికొనక బయటపడును. అన్నట్లు, గోదావరి అడవుల సాధనవెదురు గట్టిదే కాని దాని గోడ మందము, కణుపులు దగ్గఱ. వేణువునకు పలుచని గోడ, దూరదూరముగా కణుపులు గల వెదురు కావలయును గనుక వేణుకారులు కేరళ, అస్సాముల వెదురును కోరుదురు. ఇట్టి నిజమును దాచక చెప్పిన వీడియోకే విలువ యుండును.

బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనస కఱ్ఱతో వీణలు చేయువారి పని మఱియొక రకపు పాఠము. ఇరువదినాలుగు ఇత్తడి మెట్లను మసి కలిపిన మైనముపై నిలుపుటలో కన్నుకంటె చెవియే ప్రమాణము. అట్టి పనిని వీడియో తీయువారు ధ్వనిగ్రహణమును నేర్చితీరవలెను. చరవాణి తనంత తానే పెద్ద చప్పుడును అణచి చిన్న చప్పుడును పెంచును గనుక డోలు దెబ్బయు మాటయు ఒకే స్థాయిలో వినబడి వాద్యపు జీవము పోవును. ఆ స్వయంసవరణను ఆపుచేయగల ఆప్ వాడుకొని, వాద్యమునకు మూడు నాలుగడుగుల దూరమున వేఱు మైకు నుంచవలెను. దీనికి వేలకు వేలు పెట్టుబడి యక్కఱలేదు. కిటికీ వెలుతురు, ఒక స్టాండు, ఒక మైకు చాలును.

లోకమునకు ఇట్టి విద్యపై ఆసక్తి లేదనుకొనరాదు. ఆస్ట్రేలియాకు చెందిన లిన్సే పొలాక్ 2014లో సిడ్నీ టెడ్ఎక్స్ వేదికపై ఒక క్యారెట్‌ను డ్రిల్లుతో తొలిచి, దానికి ఊదుముక్క బిగించి, క్లారినెట్టుగా వాయించి చూపగా ఆ వీడియో దేశదేశముల తిరిగెను. అమెరికాలోను బ్రిటనులోను పెరుగుచున్న తెలుగు పిల్లలకు మృదంగమును వేణువును ఆన్‌లైనులో నేర్పు గురువులు నేడు కలరు. వాద్యమును సవరించుట, మూత మార్పించుట నేర్పువారు మాత్రము అరుదు.

ఆదాయము మాట. యూట్యూబులో ప్రకటనల వాటా రావలెనన్న 1,000 మంది చందాదారులును, పండ్రెండు నెలలలో 4,000 గంటల వీక్షణమును (లేదా 90 దినములలో కోటి షార్ట్స్ వీక్షణలును) ఉండవలయును. ఒక్కొక్కరు ఐదు నిమిషములు చూచిరనుకొన్నను 4,000 గంటలకు 48,000 వీక్షణలు కావలెను. తొలి సంవత్సరము దీనిపై బ్రతుకుట కష్టము. వాద్యముల అమ్మకము, మరమ్మతు, రుసుము తీసికొను ఆన్‌లైను తరగతులు మొదటి కూడు పెట్టును. చదువు కోరువారికి ఐటిఐలో వడ్రంగము, వరంగల్లు జానపద గిరిజన విజ్ఞాన పీఠము కలవు. హస్తకళల కమిషనరు కార్యాలయపు పహచాన్ గుర్తింపు కార్డు వాద్యనిర్మాతలకును లభించును. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకపు పదునెనిమిది వృత్తులలో వాద్యనిర్మాణము పేరు లేకున్నను వడ్రంగము, చర్మకారవృత్తి, బుట్టల అల్లిక కలవు.

చట్టము విషయమున జాగరూకత వహింపుడు. కంజిరకు ఉడుము చర్మము, కోయ నృత్యమున అడవిదున్న కొమ్ములు పూర్వము వాడిరి; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత క్రొత్తగా అట్టివానిని సేకరించుట నేరము. మేకతోలు వాడుడు, ఆ సంగతి వీడియోలోనే చెప్పుడు.

అన్నిటికంటె నా మనస్సును పట్టి యుంచు విషయ మింకొకటి కలదు. ఈ విద్యలు మాదిగ, డక్కలి, కోయ కుటుంబములు అవమానములను సహించి కాపాడినవి. కెమెరా నీదైనను విద్య వారిది. వీడియో మొదటి క్షణముననే వారి పేరు, ఊరు వారి అనుమతితో చూపవలెను; రాబడిలో వారి వాటాను చిత్రీకరణకు ముందే కాగితముపై వ్రాసికొనవలెను; ఇలవేల్పు కొలుపులలో మాత్రమే మ్రోగు డోలును చూపవద్దని పెద్దలు చెప్పినచో కెమెరా మూయవలెను. ఆ యింటి బిడ్డయే కెమెరా పట్టినచో అంతకంటె మేలు లేదు.

మొదటి వీడియోకు పెద్ద వాద్యము నెత్తుకొనవద్దు. వానపడిన మఱునాడు మీ యూరి డప్పుల పెద్దాయన యొద్దకు పోయి, "తాతా, కాచకముందొకసారి, కాచినంక ఒకసారి కొట్టు" మని యడుగుడు. చల్లని డప్పు దెబ్బను మొదట పట్టుడు. పిదప గడ్డిమంట యెదుట ఆయన డప్పును త్రిప్పుచు, వ్రేలితో తట్టుచు, తల యూపువఱకు ఆపక తీయుడు.