చేయి తిరిగిన సర్జనే, అయినా కేస్ షీట్ అడగండి

2014 నవంబరు 8, శనివారం. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా తఖత్‌పూర్ బ్లాకులోని పెండారి. అక్కడి నేమిచంద్ జైన్ క్యాన్సర్ ఆసుపత్రి చాలాకాలంగా మూతపడి ఉంది. ఆ ఖాళీ భవనంలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి, కొద్ది గంటల్లోనే 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. చేసింది ఒకే సర్జన్. ప్రభుత్వం రాసుకున్న నిబంధన ప్రకారం ఒక సర్జన్ రోజుకు 30 కంటే ఎక్కువ లాప్రోస్కోపీ ఆపరేషన్లు చేయకూడదు. రెండ్రోజుల తర్వాత గౌరెల్లా, పెండ్రా వైపు కూడా శిబిరాలు జరిగాయి. వాంతులు, కడుపునొప్పితో ఒక్కొక్కరే ఆసుపత్రికి వచ్చారు. ఈ శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 13 మంది చనిపోయారు. దాదాపు అందరూ చిన్నపిల్లల తల్లులే.

ఆ సర్జన్ డాక్టర్ ఆర్.కె. గుప్తా కొత్తగా పట్టా పుచ్చుకున్న కుర్రాడు కాదు. యాభై వేల ఆపరేషన్లు చేసినందుకు అదే సంవత్సరం జనవరిలో రాష్ట్ర ప్రభుత్వమే ఆయన్ని సన్మానించింది. నవంబరులో పోలీసులు అరెస్టు చేశారు. తప్పు మందులదే అన్నారాయన. ఆపరేషన్ తర్వాత ఆ ఆడవాళ్లకు ఇచ్చిన సిప్రోసిన్ మాత్రలు రాయపూర్‌లో తయారయ్యాయి. వాటిలో ఎలుకల మందులో వాడే జింక్ ఫాస్ఫైడ్ కలిసిందన్న అనుమానాన్ని అధికారులు బయటపెట్టారు. ప్రభుత్వం అనితా ఝా నాయకత్వంలో విచారణ కమిషన్ వేసింది. హైకోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టింది.

ఆ హైకోర్టు ఎక్కడో లేదు. బిలాస్‌పూర్ పక్కనే, చకర్‌భాటాకు ఆనుకుని ఉన్న బోద్రీలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చి బిలాస్‌పూర్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఎయిర్‌పోర్టు దారిలో రోజూ చూసే భవనమే అది. అయినా ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే మనవాళ్లు అడిగేది ఒక్కటే: డాక్టర్ మంచివాడేనా, బాగా చదివాడా, అనుభవం ఉందా? అడగాల్సిన ప్రశ్నే, కానీ పెండారిలో అది సరిపోలేదు. ఈ రోజు ఆయన ఎన్ని ఆపరేషన్లు చేస్తున్నాడు, ఎక్కడ చేస్తున్నాడు, పరికరాలు ఎలా శుద్ధి చేస్తున్నారు, తర్వాత ఎవరు చూసుకుంటారు? ప్రాణం వీటి మీద కూడా ఆధారపడి ఉంటుంది.

పెండారికి ముందూ ఇదే జరిగింది, తర్వాతా జరిగింది. 2012 జనవరిలో బీహార్‌లోని అరరియా జిల్లాలో, ఓ బడిలో, ఒకే డాక్టరు రెండు గంటల్లో 53 మందికి ఆపరేషన్లు చేశాడు. దానిమీద దేవికా బిశ్వాస్ అనే మహిళ సుప్రీంకోర్టుకు వెళ్లారు. పెండారి ఘటన కూడా ఆ కేసులో చర్చకు వచ్చింది. మూడేళ్లలో ఈ శిబిరాల పద్ధతి ఆపేయాలని 2016 సెప్టెంబరు 14న కోర్టు చెప్పింది. ఆరేళ్లు గడవకముందే, 2022 ఆగస్టు 25న, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. హైదరాబాద్ శివార్లలో, అన్నీ అందుబాటులో ఉన్నచోట ఇలా జరిగిందంటే లోపం ఏ ఒక్క డాక్టరు చదువులోనో ఉందనుకోవడం తప్పు. లెక్క కోసం మనుషుల్ని వరసలో పడుకోబెట్టే పద్ధతిలోనే లోపం ఉంది.

అలాగని చదువు సంగతి వదిలేయకూడదు. 2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో, విదేశాల్లో చదివిన గుండె డాక్టరునని చెప్పుకుని ఆపరేషన్లు చేశాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. ఛత్తీస్‌గఢ్ శాసనసభ మొదటి స్పీకర్ రాజేంద్ర ప్రసాద్ శుక్లాకు 2006లో బిలాస్‌పూర్‌లోని ఓ పెద్ద ఆసుపత్రిలో చికిత్స చేసిందీ ఇతనేనని కుటుంబసభ్యులు ఫిర్యాదు చేశారు. పోలీసులు ఇక్కడా కేసు పెట్టారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ స్పీకర్‌గా చేసినాయన కుటుంబానికే ఇలాంటి అనుమానం వచ్చిందంటే మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద వేయాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో సరిచూసుకోవచ్చు. ఇంట్లో పిల్లల చేతిలో ఫోన్ ఉంటే ఐదు నిమిషాల పని. నంబరు లేకపోతే రాయపూర్‌లోని ఛత్తీస్‌గఢ్ మెడికల్ కౌన్సిల్‌ను అడగండి. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు గాని, ఐదు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చు.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ వికటించిన ప్రతిసారీ చట్టం దాన్ని నేరమనదు, నిర్లక్ష్యం అని కూడా అనదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ కొలబద్ద. అదే చదువు, అదే హోదా ఉన్న మామూలు సమర్థుడైన డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేసేవాడో ఇతనూ అది చేశాడా లేదా అని చూస్తారు. అందరికంటే గొప్పగా చేశాడా అని కాదు. క్రిమినల్ కేసుకైతే నిర్లక్ష్యం మరీ దారుణంగా ఉండాలి. పోలీసులు ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, మామూలుగా అరెస్టుకు దిగకూడదు. రోగుల పక్షాన ఉండే నాకు కూడా ఈ తీర్పు సబబే అనిపిస్తుంది. చేయి వణికే సర్జన్ చేతిలో మనం పడుకోవాలనుకోం కదా. కోపంతో ఆసుపత్రి అద్దాలు పగలగొట్టినా, డాక్టరు మీద చేయి చేసుకున్నా రాష్ట్ర చట్టం కింద కేసు మీ మీదే అవుతుంది, మీ అసలు కేసూ పలచబడిపోతుంది. కొత్త భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను ప్రకారం, రిజిస్టరైన డాక్టరు వైద్యం చేస్తూ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే రెండేళ్ల వరకు శిక్ష. మిగతావాళ్లకు ఐదేళ్ల దాకా ఉంది.

నిపుణుల మాట అక్కర్లేకుండానే తప్పు కనబడే సందర్భాలు కొన్ని ఉంటాయి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తూ ఓ తల్లి కడుపులో తువ్వాలు మరిచిపోయారు. ఆమె చనిపోయింది. బాధ్యత ప్రభుత్వానిదేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చేదాకా ఆ కుటుంబం 33 ఏళ్లు ఆగింది, చేతికి వచ్చింది 36 వేల రూపాయలు. 2018 నవంబరులో హైదరాబాద్ నిమ్స్‌లో హెర్నియా ఆపరేషన్ జరిగిన ఒకామె కడుపులో ఫోర్సెప్స్ ఉన్నట్టు 2019 ఫిబ్రవరిలో ఎక్స్‌రేలో కనబడింది. రోగిని థియేటర్ నుంచి బయటికి పంపేముందు దూది, గాజుగుడ్డ, పనిముట్లు లెక్కపెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టులోనే ఉంది. ఆ లెక్క థియేటర్ కాగితాల్లో రాసి ఉండాలి.

వి. కిషన్‌రావు కేసు నాకు మరీ ఇష్టం. ఆయన మలేరియా శాఖలో ఉద్యోగి. భార్యకు జ్వరమొస్తే హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్ అనుకుని మందులు ఇచ్చారు, ఉన్నది మలేరియా. ఆమె దక్కలేదు. జిల్లా ఫోరం రెండు లక్షలు ఇమ్మంటే, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. ప్రతి కేసులోనూ నిపుణుడు రావాలనడం సరికాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పి, ఆ రెండు లక్షలూ నిలబెట్టింది. కాగితాలే మాట్లాడుతున్నప్పుడు వేరే సాక్షి ఎందుకు?

కాగితాల్లో మొదటిది ఆపరేషన్ ముందు సంతకం పెట్టే ఫారం. నర్సమ్మ తెచ్చి, 'ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టండి' అంటుంది. పైన అచ్చేసిన వాక్యాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, మధ్యలో ఖాళీలుంటాయి. ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట ఏమీ ఉండదు, డాక్టరు పేరు ఉండదు. ఆ ఖాళీలు మీ ముందే నింపమనండి. హిందీ సరిగ్గా చదవలేని అమ్మమ్మకైతే ఆమెకు అర్థమయ్యే భాషలో డాక్టరే చెప్పాలి. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, ప్రమాదం ఏమిటి, చేయకపోతే ఏమవుతుంది అన్నీ చెప్పాలి. తర్వాత ఫారాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇదే తేలింది. పరీక్ష కోసం ఒప్పుకున్న మహిళకు మత్తులో ఉండగానే గర్భసంచి తీసేశారు. తల్లి సంతకం తీసుకున్నామని డాక్టరు చెప్పినా చెల్లలేదు. మేజరై సొంతంగా ఆలోచించి నిర్ణయించుకోగలిగిన మనిషి తరఫున ఇంకొకరు ఒప్పుకోవడం కుదరదు. కోడలి తరఫున అత్తగారు గాని, భార్య తరఫున భర్త గాని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు సంతకం పెట్టడం ఇందులోకే వస్తుంది.

1990లో ప్రశాంత్ ధనంక అనే ఇంజనీరింగ్ విద్యార్థికి నిమ్స్‌లో ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేశారు. చిన్న ముక్క తీసి పరీక్షించడానికే అనుమతి ఇచ్చామంది కుటుంబం. వెన్ను దగ్గర కణితి అని తెలిసీ న్యూరో సర్జన్‌ను పిలవలేదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి నడుము కింద భాగమంతా చచ్చుబడిపోయింది. తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే నెలలో సుప్రీంకోర్టు అతనికి కోటి రూపాయలు వడ్డీతో సహా ఇప్పించింది. అక్కడున్న సర్జన్లు చదువుకున్నవాళ్లే. ఆ ఆపరేషన్‌కు కావాల్సిన చదువున్న మనిషిని బల్ల దగ్గరికి పిలవకపోవడమే తప్పు.

కాబట్టి ఏదైనా తేడా కొట్టగానే మెడికల్ రికార్డులు అడగండి. తెల్లకాగితం మీద రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ రాసి, కేస్ షీట్, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు చార్టు, నర్సుల నోట్సు, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రే, స్కానింగ్ ఫిల్ములు, సంతకాల ఫారాలు, బిల్లుల నకళ్లు కావాలని రాయండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలి, ఇది ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపేస్తే ఊరుకోకండి. అందులో ఉండేది ఆసుపత్రి చెప్పదలుచుకున్న కథ మాత్రమే.

చనిపోతే కుటుంబం ఏడుపులో ఉంటుంది, ఆ సమయంలో చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు. అనుమానం ఉంటే దహనానికి తొందరపడకండి. ఠాణాలో రాతపూర్వకంగా చెప్పి పోస్టుమార్టం చేయించండి. బూడిద అయ్యాక ఏ కోర్టూ కారణం తేల్చలేదు.

ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటు ఆసుపత్రి అయితే వినియోగదారుల కమిషన్. 1995లో వి.పి. శాంతా కేసుతో వైద్యం ఆ చట్టం కిందికి వచ్చింది. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షలలోపైతే బిలాస్‌పూర్ జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షలలోపైతే ఫీజు కూడా లేదు. 2019 చట్టం ప్రకారం మీరు కాపురముంటున్న ఊరి జిల్లాలోనే వేయవచ్చు. అంటే ఆపరేషన్ నాగపూర్‌లో జరిగినా, విశాఖలో జరిగినా బిలాస్‌పూర్‌లోనే కేసు పెట్టుకోవచ్చు.

రైల్వే ఆసుపత్రి సంగతి చాలామందికి తెలియదు. 'డబ్బు కట్టలేదు కదా, మనకు కేసెక్కడిది?' అనుకుంటారు. ఉద్యోగికి, కుటుంబానికి వైద్యం చేయడం ఉద్యోగ షరతుల్లో భాగమని, దాన్ని ఉచితం అనకూడదని లక్ష్మణ్ తమ్మప్ప కోట్‌గిరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల రైల్వే ఉద్యోగి భార్య కూడా వినియోగదారే. ఈఎస్ఐ ఆసుపత్రులకూ ఇలాంటి తీర్పే ఉంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం ఈ చట్టం కిందికి రాదు. అప్పుడు సివిల్ కోర్టు ఉంది, బోద్రీలోని హైకోర్టులో రిట్ ఉంది. డాక్టరు ప్రవర్తన మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు దీనికి అడ్డురాదు, రెండూ కలిపి నడపవచ్చు. డబ్బు ఇప్పించే అధికారం కౌన్సిల్‌కు లేదు, రిజిస్ట్రేషన్ ఆపగలదు.

గడువు రెండేళ్లు. లోపల మరిచిపోయిన వస్తువు చాలాకాలానికి బయటపడితే, తెలిసిన రోజునుంచి లెక్కిస్తారు. అయితే నొప్పి ఉన్నా ఊరుకుంటే ఈ వెసులుబాటు దక్కదు. ముంబైలో ఒక నర్సుకు 1993లో ఆపరేషన్ జరిగింది. ఏళ్ల తరబడి నొప్పితోనే గడిపి, 2002లో మళ్లీ ఆపరేషన్ చేస్తే కడుపులో గాజుగుడ్డ దొరికింది. నర్సై ఉండి ఇన్నాళ్లూ ఆ డాక్టర్ని ఎందుకు అడగలేదంటూ 2010లో సుప్రీంకోర్టు ఆమె కేసు కొట్టేసింది. ఆ తీర్పు నాకు కఠినంగానే అనిపిస్తుంది, కానీ చట్టం అదే. అందుకని నొప్పి తగ్గకపోతే అదే డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకుని, ఆ చీటీ తేదీతో దాచండి.

ఫిర్యాదు హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి. రాసిపెట్టేవాళ్లు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల అథారిటీ నంబరు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. రాష్ట్ర అథారిటీ ఆఫీసు బిలాస్‌పూర్‌లోనే ఉంది. వెళ్లేటప్పుడు ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ ప్రింటు తీయించి, తేదీల వరుసలో పెట్టి పట్టుకెళ్లండి.