నాలుగేళ్లు ముందు నడిచినవాళ్లు

కాకినాడలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానూ, ఆ తర్వాత కొంతకాలమూ డిగ్రీ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని, చుట్టుపక్కల హైస్కూళ్లలో తొమ్మిది, పది చదివే పిల్లల్ని కోరింగ మడ అడవుల్లోకి తీసుకెళ్లేవాణ్ణి. అడవి చూపించి వచ్చేయడం ఒక్కటే మా ఉద్దేశం కాదు. అడవిని, ఏటిని, తీరాన్ని నమ్ముకుని బతుకుతెరువు ఎలా దొరుకుతుందో ఆ పిల్లలకు తెలియాలని. చెప్పాల్సింది డిగ్రీ పిల్లలు. మధ్యలో నేనే ఎక్కువ మాట్లాడాను. ఇప్పుడీ పనికి పూనుకుంటున్న డిగ్రీ విద్యార్థులైన మీకోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. నాలుగేళ్ల తేడాయే మీకున్న పెద్ద అర్హత.

నేను చెబుతున్నంతసేపూ పిల్లలు వరసగా నిలబడి "అవును మాస్టారూ" అనేవారు. పడవ దిగగానే మాత్రం డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి చుట్టూ మూగేవారు. "అక్కా, బైపీసీ తీసుకుంటే డాక్టరే కావాలా?" "హాస్టల్లో అన్నం బావుంటుందా?" "ఇంగ్లీషు మీడియం నీకు ఎన్నాళ్లకి అర్థమైంది?" ఇలాంటివి నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేవాణ్ణి? నేను ఇంటర్ చదివిన కాలమే వేరు. ఆ అమ్మాయి మొన్ననే ఆ గుమ్మం దాటింది. తెలియనిది తెలియదని కూడా చెప్పేసేది. అన్నీ తెలిస్తేనే మెంటార్ కావాలనుకుని వెనకాడే డిగ్రీ పిల్లల్ని చాలామందిని చూశాను. అంత ఎత్తున ఉన్నవాళ్లను చూస్తే బడిపిల్లలకు బెరుకు. పై మెట్టు మీద ఒకరు నిలబడి ఉంటే వాళ్ల కాలు కదులుతుంది.

2. బురదలోకి దిగాక నోరు తగ్గించాలి.

మడచెట్టు చుట్టూ నేలలోంచి నిటారుగా పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు, ఉప్పుపొన్నను పట్టి నిలబెట్టే ఊతవేర్లు, చెట్టుమీద ఉండగానే మొలకెత్తే గింజ, ఇవి కంటపడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. మా కుర్రాళ్లు అడిగే వ్యవధి ఇవ్వకుండా లాటిన్ పేర్లు అందుకునేవారు. ఆ జబ్బు నా క్లాసులో అంటుకున్నదే. ఒకసారి ఒకడు ఆటుపోట్ల పాఠాన్ని చంద్రుడి దగ్గర మొదలుపెట్టాడు. వేటకెళ్లే ఇంటి పిల్లాడొకడు వెనకనుంచి, "అన్నా, పాటు అయిపోయింది, పోటు ఎక్కుతోంది, ఇక్కడే ఉంటే మోకాళ్లదాకా వచ్చేద్ది" అన్నాడు. మావాడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఆ తర్వాత ప్రతి జట్టులోనూ నీళ్లు తెలిసిన పిల్లల్నే ముందు నడిపించాడు. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దదని పుస్తకం చూడకుండా తెలిసిన పిల్లలు వాళ్లు. బళ్లో మార్కులు రాక, తమకేమీ రాదనుకునేది కూడా వాళ్లే.

3. ఉద్యోగం పేరు చెబితే దాని దారి కూడా చెప్పాలి.

నేను ఎక్కువగా తప్పింది ఇక్కడే. "పర్యావరణ రంగంలో బోలెడు అవకాశాలున్నాయి" అని ఏటా ఉపన్యాసం దంచేవాణ్ణి. ఆ మాట నమ్మి బైపీసీ తీసుకున్న ఒక కుర్రాడు డిగ్రీ అయ్యాక ఇంటికొచ్చి, "ఏవి మాస్టారూ?" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను. అంతకంటే ఏమీ ఇవ్వలేకపోయాను.

అప్పటినుంచి మెంటార్లచేత ఒక్కో ఉద్యోగానికీ దారి కాగితం మీద రాయించాను. ఇంటర్ పాసైతే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్ష రాయొచ్చు. రాతపరీక్ష గట్టెక్కాక నడక పరీక్ష: నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 నడవాలి. నోటిఫికేషన్ మాత్రం ఏళ్ల తరబడి రాకపోవచ్చు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు యూపీఎస్సీ రాయాలి. డిగ్రీలో సైన్సో, వ్యవసాయమో, ఇంజనీరింగో ఉంటే దానికి దారి తెరుచుకుంటుంది. ఫారెస్ట్రీయే నాలుగేళ్ల డిగ్రీగా చదవాలంటే తెలంగాణలో, సిద్దిపేట జిల్లా ములుగులో ఒక కాలేజీ ఉంది. పెద్ద చదువు లేకుండా చేసే పనులూ ఉన్నాయి: నర్సరీలో మొక్కలు పెంచడం, పడవ నడపడం, వచ్చినవాళ్లకు అడవి చూపించడం, తాబేలు గుడ్లకు కాపలా. వీటిలో డబ్బులు తక్కువ, కొన్నిటికి సీజన్ అయిపోతే పనే ఉండదు. ఆ మాట దాచకూడదు.

ఇంతా విని పిల్లలు నీరసపడితే చెప్పడానికి గోదావరి మడ అడవుల్లోనే ఒక కథ ఉంది. 1990ల చివర్లో స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి ఇక్కడ పాడైపోయిన మడ అడవిని మళ్లీ లేపడానికి పూనుకున్నాయి. పోటు నీళ్లు వచ్చిపోయే దారి లేక, నిలిచినవి ఆవిరై, నేలలో ఉప్పు పేరుకుపోయి ఉంది. అందుకే మొక్కల కంటే ముందు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు. నీళ్లు ఆడడం మొదలయ్యాక నాటారు. ఆ పనిలో చుట్టుపక్కల పల్లెలవాళ్ల చెయ్యి ఉంది. ఇంట్లో పెద్దల్ని ఆ కాలవల గురించి అడిగి రమ్మంటే, మరుసటి వారం పిల్లలే మాకు పాఠం చెప్పారు. దారుల కాగితాన్ని వాళ్లు శ్రద్ధగా చదివింది ఆ తర్వాతే.

4. రానివాళ్లు ఎందుకు రాలేదో వాళ్లింటికెళ్లి అడగాలి.

ఆడపిల్లలు మొదటిసారి వచ్చి రెండోసారి మానేసేవారు. ఇష్టం లేదేమో అనుకుని పేర్లు కొట్టేశాను, అలా కొన్నేళ్లు గడిచాయి. ఒకసారి మా డిగ్రీ అమ్మాయిలు ఇద్దరు వాళ్లిళ్లకు వెళ్లి తల్లుల దగ్గర కూర్చున్నారు. కారణం ఇష్టాయిష్టాలు కానే కాదు. తెల్లారకముందే బయల్దేరితే మధ్యాహ్నందాకా మరుగుదొడ్డి లేదు. బయల్దేరే వేళ మార్చి, దారిలో ఒక బడి తాళం అడిగి తీసుకుంటే సరిపోయింది. పేర్లు కొట్టేసిన ఆ అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు.

5. ఫొటో కోసం మొక్క నాటించకండి.

నీళ్లు పోసేవాళ్లు లేకపోతే నాటడమెందుకు? జనవరిలో నీటిపక్షుల గణనకు ఒక్క ఉదయం కూర్చోబెట్టి లెక్క రాయించండి. పని అంటే ఏమిటో దానితో ఎక్కువ తెలుస్తుంది.

6. మీకూ పరీక్షలుంటాయి, అది మరవకండి.

ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్‌కు రెండేళ్లలో 240 గంటలు కావాలి. ఆ గంటల ఆశ చూపించి డిగ్రీ పిల్లలచేత దానికి మించి పనిచేయించాను. బస్సు ఛార్జీలు వాళ్లే పెట్టుకుంటున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చే రోజులూ, పరీక్షల రోజులూ ఒకటే కావడంతో, ఉత్సాహం ఆపుకోలేని ఒక మంచి విద్యార్థి సెమిస్టర్ పోగొట్టుకున్నాడు. ఆపాల్సింది నేను.

కాబట్టి పని ఆగస్టులోనే మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే పడవ ఎక్కవద్దు. ఛార్జీలు ఎవరిస్తారో కాలేజీలో ముందే తేల్చుకోండి. మీరు చదివిన హైస్కూలుకే వెళ్లండి. హెడ్మాస్టరు గారిని ఒక్క శనివారం అడగండి, ఇస్తారు.