నాయకత్వమునకు అధికారి ఎవరు?

వేదాంత గ్రంథములను పఠించువారికి 'అనుబంధ చతుష్టయము' అను మాట సుపరిచితము. అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నాలుగింటిని తెలిసికొనిన పిమ్మటనే శాస్త్రశ్రవణమునకు పూనుకొనవలెనని పెద్దలు నియమించిరి. వీనిలో మొదట నిలిచినవాడు అధికారి. ఇచట అధికారమనగా పెత్తనము కాదు, యోగ్యత. లోకవ్యవహారమున ఈ అర్థము తారుమారైనది. యోగ్యుని వెదకి బాధ్యత నప్పగించుటకు మారుగా, పదవి దొరకినవానినే యోగ్యుడని లోకము భావించుచున్నది.

ఈ తారుమారు చిన్న విషయములందును కానవచ్చును. కళాశాలలో ఫుట్‌బాల్ జట్టునకు కెప్టెనును ఎన్నుకొనవలసియున్నదనుకొందము. ఒకడు అందరికంటె ఎక్కువ గోల్సు చేయువాడు. ఒకడు పై తరగతివాడు. ఒకనికి మిత్రబృందము పెద్దది. మరియొకడు తమ ఊరివాడో, తమ కులమువాడో అగును. విద్యార్థుల ఓట్లు సాధారణముగా ఈ నాలుగు త్రోవలనే పోవును. జట్టు ఓడిపోవుచున్నవేళ పదిమందిని కూడగట్టి నిలుపగలవాడెవడు అను ప్రశ్న తరచుగా ఎవరికిని తోచదు.

ఇది ఆటయే కదా యని త్రోసిపుచ్చరాదు. యువకుడు తన నాయకుని తానే ఎన్నుకొను తొలి సందర్భములలో ఇది యొకటి. ఇచట పడిన అలవాటే రేపు గ్రామపంచాయతీలోను, శాసనసభా ఎన్నికలలోను వానిని నడపును.

భారతదేశమున ఫుట్‌బాల్ ఆటకు కలకత్తా నగరము పుట్టినిల్లు వంటిది. ఈ ప్రశ్నకు ఆ నగర చరిత్రయే సమాధానము నిచ్చుచున్నది.

మొదటి ఉదాహరణము నగేంద్రప్రసాద్ సర్వాధికారిది. హేర్ స్కూలులోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను తోడి విద్యార్థులను ఈ ఆటకు కూడగట్టిన ఈతనిని భారతీయ ఫుట్‌బాల్ పితామహుడని కీర్తింతురు. ఆయన నెలకొల్పిన సంఘములలో వెల్లింగ్టన్ క్లబ్బు ఒకటి. అందులో మణిదాస్ అను ఆటగానిని చేర్చుకొనగా, అతడు కుమ్మరి కుమారుడను కారణముచే ఉన్నతకులములకు చెందిన సభ్యులు అభ్యంతరము తెలిపిరి. నగేంద్రప్రసాద్ వారితో రాజీపడలేదు. ఆ క్లబ్బునే రద్దుచేసెను. పిదప శోభాబజార్ క్లబ్బును స్థాపించి అందు మణిదాస్‌నకు స్థానమిచ్చెను. నాయకుడు క్లబ్బును విడిచెను గాని మనిషిని విడువలేదు. ఆ శోభాబజార్ జట్టే 1892లో ట్రేడ్స్ కప్పు పోటీలో ఈస్ట్ సర్రే రెజిమెంటు అను ఆంగ్ల సైనిక జట్టును ఓడించెను. జన్మను గాక యోగ్యతను చూచు దృష్టి నాయకుని మొదటి లక్షణము.

రెండవది శివదాస్ భాదురీ ఉదాహరణము. 1911 జూలై 29వ తేదీన ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోటీలో మోహన్ బాగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 గోల్సుతో జయించెను. ఆ జట్టులో ఒక్క సుధీర్ చటర్జీ తప్ప తక్కిన పదిమందియు వట్టికాళ్లతోనే ఆడిరి. కెప్టెనైన శివదాస్ మొదట ఒక గోలు చేసి ఆటను సమముచేసెను. ఆట ముగియవచ్చిన తరుణమున బంతి మరల అతనికే చిక్కెను. అప్పుడతడు దానిని అభిలాష్ ఘోష్‌నకు అందించెను. విజయమునకు మూలమైన గోలును అభిలాష్ చేసెను. కీర్తి తనకు చిక్కవలెననువాడు ఆ బంతిని వదలుట కష్టము. జట్టు గెలువవలెననువానికి అది సహజము. ఫలమును తనదిగా భావింపక కర్మ చేయుట యననేమో వివరించుటకు ఇంతకంటె సులభమైన దృష్టాంతము విద్యార్థులకు దొరకదు.

మూడవవాడు తాలిమెరెన్ ఆవో. నాగా కొండలలో జన్మించిన ఈతడు తండ్రి కోరిక ననుసరించి వైద్యవిద్యకై కలకత్తా వచ్చి, నేడు ఆర్.జి. కర్ పేర వెలయుచున్న కార్మైకేల్ వైద్య కళాశాలలో చదివెను. 1943లో మోహన్ బాగాన్ జట్టులో చేరెను. భాష వేరు, ఆచారములు వేరు. ఆ నగరమున అతనికి తనవారనదగిన వర్గమేదియు లేదు. అయినను ఆ జట్టు అతనిని కెప్టెనుగా స్వీకరించెను. 1948లో లండన్ ఒలింపిక్సునకు వెళ్లిన స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టునకును అతడే నాయకుడు. ప్రారంభోత్సవమున జాతీయ పతాకమును మోసినవాడును అతడే. జూలై 31న ఫ్రాన్సుతో జరిగిన ఆటలో భారతజట్టు రెండు పెనాల్టీ అవకాశములను జారవిడిచి 2-1 గోల్సుతో ఓడిపోయెను. అయినను ఆ నాయకుని గౌరవము తరుగలేదు. 1950లో వైద్యపట్టమును పొంది అతడు ఆటను విడిచి, తన కొండ ప్రజలకు చికిత్స చేయుటకు మరలిపోయెను. పదవి వచ్చినపుడు దానిని మోసెను. ధర్మము పిలిచినపుడు దానిని దించెను.

ఫుట్‌బాల్ ఆట నియమములలో కెప్టెనును గూర్చి చెప్పినది గమనింపదగినది. వానికి ప్రత్యేక హోదా గాని, విశేషహక్కులు గాని లేవు. జట్టు నడవడికి మాత్రము అతడు కొంతవరకు బాధ్యుడు. ఆటస్థలపు నియమమును శాస్త్రపు అధికారి లక్షణమును ఇచట చేయి కలుపుచున్నవి.

కావున ఓటు వేయబోవు విద్యార్థి తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇతడు జట్టులోని అందరికంటె బలహీనుడైన ఆటగానితో ఎట్లు మాటలాడును? చూచువారు లేని వేకువజామున అభ్యాసమునకు వచ్చునా? ఓటమికి తాను బాధ్యత వహించునా, లేక ఇతరులపై మోపునా? సమాధానము దొరకినచో స్నేహమును, కులమును, ఊరును ప్రక్కకు పెట్టుట కష్టము కాదు.

ఎన్నిక కానివానికిని ఒక సాధన కలదు. నిన్నటి పోటీదారుని మాటను నేడు మనఃపూర్వకముగా పాటించుట సులభము కాదు. అట్లు పాటింప నేర్చినవాడు, చేతికి పట్టీ లేకున్నను, నాయకత్వమునకు అప్పుడే అధికారి యైనాడు.